ఆవుమచ్చల ప్యాంటు అమ్మాయి: ఫెంగ్ షాన్‌షాన్ ఆట

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మీకు ఒక చైనా గోల్ఫర్ గురించి చెప్పాలని వచ్చాను. పేరు ఫెంగ్ షాన్‌షాన్. పేరు గుర్తులేకపోయినా, తెల్ల బట్ట మీద పెద్ద పెద్ద నల్లమచ్చలు, అచ్చం ఆవు ఒంటి మీద ఉన్నట్టే ఉండే ప్యాంటు వేసుకుని ఆడిన అమ్మాయి అంటే మీలో కొందరికైనా తడుతుంది. నాకు చాలా ఇష్టమైన క్రీడాకారిణి ఆమె.

ఆమె 1989లో గ్వాంగ్‌జౌలో పుట్టింది. కమ్యూనిస్టు పాలన వచ్చాక చైనాలో గోల్ఫ్‌కు డబ్బున్నవాళ్ల ఆట అన్న ముద్ర పడి, ఆట మూలనపడింది. మళ్లీ అక్కడ గోల్ఫ్ ఆడే మైదానం, అంటే కోర్సు, తెరుచుకున్నది 1984లో, ఆమె పుట్టిన గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లోనే, జోంగ్‌షాన్ దగ్గర. అంటే ఆ దేశంలో కొత్తగా మొదలైన గోల్ఫ్‌కూ ఆమెకూ వయసులో ఐదేళ్లే తేడా! తండ్రి నగర గోల్ఫ్ సంఘంలో పనిచేసేవారు కాబట్టి, పదేళ్ల వయసులో ఆమె చేతికి క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, అందింది. ఫలానా అక్కలా ఆడాలి అని చూపించడానికి అప్పటికి ఆ దేశంలో ఏ అక్కా లేదు.

టీనేజ్‌లో స్కాలర్‌షిప్ దొరికి అమెరికా వెళ్లి, గ్యారీ గిల్‌క్రిస్ట్ దగ్గర శిక్షణ తీసుకుంది. 2007 చివర్లో క్వాలిఫయింగ్ టోర్నీ దాటి, మరుసటి ఏడాది ఎల్‌పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా కేంద్రంగా నడిచే మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీల పరంపరలో, అడుగుపెట్టింది. చైనా నుంచి ఆ టూర్ సభ్యత్వం పొందిన మొదటి మనిషి ఆమే. ఆ తర్వాత నాలుగు సీజన్లు అక్కడ ఒక్క టైటిలూ రాలేదు. ఈ నాలుగేళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వారం వారం ఊరు మారుతూ, పరాయి భాషలో నెగ్గుకొస్తూ, ఆదివారం సాయంత్రం ఖాళీ చేతులతో బ్యాగ్ సర్దుకోవడం చిన్న విషయం కాదు.

2012 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని లోకస్ట్ హిల్‌లో ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగింది. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో (స్ట్రోక్‌లలో) ముగించినవాళ్లదే గెలుపు. చివరి రోజు ఆమె 67 కొట్టి, రెండు స్ట్రోక్‌ల తేడాతో గెలిచింది. మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ, చైనా ప్రధాన భూభాగం నుంచి మేజర్, అంటే గోల్ఫ్‌లోని అతిపెద్ద టోర్నీల్లో ఒకటి, గెలిచినవాళ్లు అంతవరకు లేరు. ఎల్‌పీజీఏలో ఆమె మొదటి గెలుపే మేజర్!

నేను మరీ మరీ తలచుకునేది మాత్రం 2013లో బీజింగ్‌లో జరిగిన ఎల్‌పీజీఏ టోర్నీ. సొంత దేశం, సొంత జనం, ఎదురుగా అమెరికా గోల్ఫర్ స్టేసీ లూయిస్. చివరి హోల్ పార్ 5. అంటే మంచి ఆటగాళ్లు ఐదు దెబ్బల్లో ముగిస్తారని లెక్కగట్టిన హోల్. అలాంటి చోట టెన్షన్‌లో చాలామంది బంతిని జాగ్రత్తగా ముందుకు తోసుకుంటారు. ఫెంగ్ మూడే దెబ్బల్లో బంతిని గుంతలో వేసింది. లెక్కకు రెండు దెబ్బలు తక్కువ, అంటే ఈగిల్! ఒక్క స్ట్రోక్ తేడాతో టైటిల్ ఆమెది.

2016లో, 112 ఏళ్ల తర్వాత గోల్ఫ్ ఒలింపిక్స్‌లోకి తిరిగొచ్చింది. రియోలో పార్క్ ఇన్‌బీకి స్వర్ణం, లిడియా కోకి రజతం, ఫెంగ్‌కు కాంస్యం. వెనకున్నవాళ్లకూ ఆమెకూ తేడా ఒక్కటే స్ట్రోక్. నా లెక్కలో ఆ కాంస్యం ఆమె మేజర్ కంటే పెద్దది. ఎందుకంటే మేజర్ అంటే ఏమిటో తెలియని చైనా ఇళ్లలో కూడా ఒలింపిక్ పతకం అంటే తెలుసు. ఇంకో సంగతి కూడా చూడండి. సరిగ్గా ఆ ఏళ్లలోనే నీళ్లు, సాగుభూములు కాపాడాలంటూ చైనా ప్రభుత్వం పదుల సంఖ్యలో గోల్ఫ్ కోర్సులు మూసేయించింది. ఒకపక్క కోర్సులు మూతపడుతుంటే, ఇంకోపక్క ఆమె పైకి ఎక్కుతూ పోయింది.

2017 నవంబరులో వరసగా రెండు వారాలు రెండు టైటిళ్లు గెలిచింది, మొదటిది జపాన్‌లో, రెండోది హైనాన్ దీవిలో. దాంతో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ ర్యాంకు అందుకున్న తొలి చైనా గోల్ఫర్ ఆమే. మొత్తం పది ఎల్‌పీజీఏ టైటిళ్లతో, 2022 ఆగస్టులో రిటైర్మెంట్ ప్రకటించింది.

మరుసటి ఏడాది జూన్‌లో యిన్ రువోనింగ్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి చైనాకు రెండో మహిళా మేజర్ తెచ్చింది. టోర్నీ పేరు మారింది గానీ, పదకొండేళ్ల కిందట ఫెంగ్ గెలిచిన ఛాంపియన్‌షిప్పే అది. చివరి రోజు ఆ అమ్మాయి స్కోరు కూడా 67. ఇంకో ఏడాదికి పారిస్ ఒలింపిక్స్‌లో లిన్ షీయూకు కాంస్యం వచ్చింది. అక్కడ ఆడిన చైనా మహిళల గోల్ఫ్ జట్టుకు కోచ్ ఫెంగ్ షాన్‌షానే.