తడి కాలికి ఏ టైల్ పట్టు ఇస్తుంది? బాత్రూమ్ ఫ్లోర్ టైల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, నా పక్కనున్న ఈ రెండు టైల్స్ పెట్టెలూ కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపినవే. డబ్బులు తీసుకోలేదు, బాగుందనే చెబుతానని మాటా ఇవ్వలేదు. మందం, రంగులు, రేటు అన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, మీలో చాలామంది ఇప్పటికే చూసే ఉంటారు. అవన్నీ చదువుతూ కూర్చోకుండా నేరుగా కాలు పెట్టే విషయానికి వచ్చేద్దాం.

ఒకటి మ్యాట్ ఫినిష్, అంటే మెరుపు లేనిది. రెండోది గరుకుది, పైన చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయి. రెండూ 1 బై 1 అడుగువే. మేడ మీది బాత్రూమ్‌లో సగం ఇది, సగం అది వేయించాం. అమ్మ ఆదివారం తలంటు పోసుకునేది అక్కడే. నువ్వుల నూనె, సున్నిపిండి, ఆపైన కుంకుడు రసం. బాత్రూమ్ టైల్‌కి ఇంతకంటే పెద్ద పరీక్ష నాకైతే తెలియదు.

పరీక్ష అంటే గుర్తొచ్చింది. షోరూమ్‌కి వెళ్ళగానే "ఆర్10 సార్, అస్సలు జారదు" అంటారు కదా, ఆ ఆర్ నంబరు జర్మనీ వాళ్ళ ర్యాంప్ టెస్ట్‌ది. టైల్స్ పరిచిన వాలు బల్ల మీద ఇంజిన్ ఆయిల్ పోసి, బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తూ వాలు పెంచుకుంటూ పోతారు. మనిషి జారబోయే వాలు 10 డిగ్రీలు దాటి 19 లోపు ఉంటే ఆర్10, అక్కణ్ణుంచి 27 దాకా ఆర్11. ఫ్యాక్టరీలకి, హోటల్ వంటగదులకి పనికొచ్చే లెక్క అది. మనం స్నానానికి బూట్లతో వెళ్ళం కదండీ! వట్టి కాళ్ళకి వేరే టెస్ట్ ఉంది, డిన్ 51097 అనే జర్మనీ ప్రమాణం నుంచి వచ్చింది. అందులో సబ్బు నీళ్ళు పారిస్తూ చెప్పుల్లేకుండా నడిపిస్తారు. 12 డిగ్రీలు దాటితే ఏ, 18 దాటితే బీ, 24 దాటితే సీ. స్నానం చేసే చోట కనీసం బీ ఉండాలి.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈ పెట్టెని నాలుగు వైపులా తిప్పి చూశాను. "యాంటీ స్కిడ్" అని ఇంతింత అక్షరాలు, పక్కన ఆర్10. ఏ, బీ, సీల ఊసే లేదు. మెయిల్ పెట్టి అడిగితే అదే బ్రోచర్ మళ్ళీ పంపారు. ముసలివాళ్ళు తడి కాళ్ళతో నిలబడే చోటికి అమ్ముతూ, ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఎలా?

సరే, మనమే చూద్దాం. మగ్గుతో నీళ్ళు, మీద షాంపూ. మడమ ఆనించి పక్కకి తోస్తున్నాను. మ్యాట్ మీద కొంచెం కదిలి ఆగింది. బొడిపెల దాని మీద అస్సలు కదల్లేదు. పట్టులో ఇదే మేలు. కానీ కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను, ఆ బొడిపెల సందుల్లో బూడిద రంగు కనిపిస్తోందా? సబ్బు మడ్డి అది. మాది బోరు నీళ్ళు, ఉప్పు ఎక్కువ. సబ్బుతో కలిసి ఇలా గార కడుతోంది. చీపురు పుల్ల లోపలికి దూరదు, గట్టి బ్రష్ పట్టుకుని వంగాల్సిందే. వదిలేస్తే పాచి పడుతుంది, పాచి పట్టాక ఎంత గరుకు టైలైనా జారుతుంది.

అప్పుడు అందరూ చేసే పని యాసిడ్ పోయడం. దయచేసి పోయకండి. టైల్‌కి పెద్దగా ఏమీ కాదు, సందుల్లోని సిమెంట్‌ని మాత్రం తినేస్తుంది. నీళ్ళు కిందికి దిగడం అక్కణ్ణుంచే మొదలు. మా ఊరి ఇంట్లో తాండూరు బండలు ఉండేవి. పాలిష్ పట్టని ఆ బండ కాలికి ఎంత హాయిగా ఉండేదో! కానీ తాండూరు బండైనా కడప బండైనా సున్నపురాయే. యాసిడ్ పడితే బుసబుసా నురగొచ్చి పైపొర కరిగిపోతుంది. ఇంట్లో ఆ బండలుంటే యాసిడ్ సీసా బాత్రూమ్ గడప దాటనివ్వకండి.

అందుకే ఈసారి సందులకి సిమెంట్ బదులు ఎపాక్సీ, అంటే కలిపాక గట్టిపడే ఒక రకం జిగురు, పెట్టించాం. నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. ఖర్చు ఎక్కువే. పైగా కలిపాక గట్టిపడే లోపే పూసి, తుడిచేయాలి. ఆలస్యమైతే టైల్ మీద జిగురు పొర ఉండిపోతుంది. కొంచెం కొంచెంగా కలపమని మేస్త్రీకి ముందే చెప్పండి.

విట్రిఫైడ్, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి టైల్, తీసుకుంటే అర శాతం లోపే నీళ్ళు పీలుస్తుంది, మంచిదే. జారడం మాత్రం పై ఫినిష్‌ని బట్టే ఉంటుంది.

ఇంకో మాట, 2 బై 4 అడుగుల పెద్ద టైల్ గోడకి వేసుకోండి, అందంగా ఉంటుంది. కిందికి వద్దు. నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్ మూలన ఉంటుంది, నీళ్ళు రెండు వైపుల నుంచీ అక్కడికి రావాలి. అంత పెద్ద పలకని కోయకుండా రెండు వైపులా వాటం ఇవ్వడం కుదరదు. మా బావ వాళ్ళ ఫ్లాట్‌లో బిల్డర్ మెరిసే టైల్స్ వేసి, వాటం గుమ్మం వైపు ఇచ్చాడు. స్నానం అయిన ప్రతిసారీ అక్క వైపర్‌తో నీళ్ళు ఎదురు నెడుతుంది. మేస్త్రీ లెక్క తేల్చకముందే బకెట్ నీళ్ళు కుమ్మరించి చూడండి. నీళ్ళు నిలిచిన చోట పీకించి మళ్ళీ వేయించండి, మొహమాటపడకండి.

బొడిపెల సందుల్లో మడ్డి చేరుతోంది కాబట్టి నా ఓటు మ్యాట్‌కే. అమ్మ తనంతట తానే పీట ఆ వైపుకి జరుపుకుంది, నాకు అది చాలు. బొడిపెలది బట్టలుతికే చోటికి, స్కూటర్ ఎక్కించే ర్యాంప్‌కి తీసుకోండి. కంపెనీ వాళ్ళు వట్టి కాళ్ళ టెస్ట్ రిపోర్టు పంపిన రోజున అది కూడా డిస్క్రిప్షన్‌లో పెడతాను. ఈలోపు కొనాలనుకునేవాళ్ళు ఒక ముక్క ఇంటికి తెచ్చుకుని, సబ్బు నీళ్ళు పోసి, గోడ పట్టుకుని మడమతో తోసి చూశాకే ఆర్డర్ ఇవ్వండి.