కొసలు చూడండి, తర్వాత నడుము

అందరికీ నమస్కారం. వీడియో ఫైలు చేతులు మారేటప్పుడు నలుపు, తెలుపు ఎలా జారిపోతాయో, ఆ తప్పును ఎలా పట్టుకోవాలో ఈ రోజు చెబుతాను. ముందు ఒక షాట్ గురించి చెబుతాను. చేనేత మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ అది. ఇంట్లో గుంట మగ్గం. కిటికీ వెలుతురు పైన నేత మీద పడుతోంది. కింద గుంటలో నేతగాడి పాదాలు కర్రలను తొక్కుతున్నాయి. ఆ చీకట్లో పాదాలు కనీకనిపించకుండా ఉండాలి. దర్శకురాలు ఆ వెలుతురు కోసం ఒక పూటంతా కాచుకుని తీశారు.

గ్రాఫిక్స్ చేసి తిరిగి నా దగ్గరకు వచ్చిన ఫైలులో ఆ గుంట బూడిద రంగులో ఉంది. తెల్లారితే గడువు. కాంట్రాస్ట్ పెంచాను, కంటికి బాగుందనిపించాక పంపించాను. నేను పంపిన ఫైలు అందుకున్నవాళ్లు కూడా అదే లోపాన్ని గమనించి తమ సెట్టింగ్‌లో సరిచేశారు. రెండు దిద్దుబాట్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. టీవీలో చూస్తే గుంట నల్లటి మడుగు. పాదాలు లేవు. ఆ రాత్రి నేను వేవ్‌ఫామ్, అంటే బొమ్మలోని వెలుగు విలువలను గీతగా చూపే గ్రాఫ్, తెరిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి అది.

8 బిట్ల వీడియోలో, అంటే వెలుగును 0 నుంచి 255 వరకు అంకెలతో రాసే వీడియోలో, నలుపును 16 దగ్గర, తెలుపును 235 దగ్గర పెడతాం. 10 బిట్లలో అయితే 64, 940. రెండు వైపులా మిగిలిన జాగా సిగ్నల్ కాస్త పొంగినా తెగిపోకుండా ఉంచింది. 1982లో డిజిటల్ టీవీకి తొలి ప్రమాణం రాసినప్పటి నుంచీ ఇదే పద్ధతి. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో మాత్రం నలుపు 0, తెలుపు 255. ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ వంటి కోడెక్‌లలోకి, అంటే వీడియోను ఫైలుగా భద్రపరిచే పద్ధతుల్లోకి, గ్రాఫిక్స్ వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు 0–255ను 16–235లోకి కుదించాలి. బయటికి వచ్చేటప్పుడు తిరిగి సాగదీయాలి. ఆ పని ఒక్కసారే జరగాలి. రెండుసార్లు జరిగినా, అసలు జరగకపోయినా చిక్కే.

రెండుసార్లు కుదిస్తే ఏమవుతుందో లెక్క వేయండి. 16 దగ్గర ఉన్న నలుపు 30కి లేస్తుంది, 235 దగ్గర ఉన్న తెలుపు 218కి దిగుతుంది. మా గుంట బూడిదైంది అందుకే. అయినా అక్కడ వివరం బతికే ఉంది. సాగదీస్తే, కొద్దిపాటి నష్టంతో, తిరిగి వస్తుంది. రెండుసార్లు సాగదీస్తే అలా కాదు. 16 కంటే కింద ఉన్నదంతా 0లో, 235 కంటే పైన ఉన్నదంతా 255లో కలిసిపోతుంది. ఆ ఫైలు నుంచి దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే వెలిసిపోయిన ఫైలు చూసి నేను అంతగా కంగారుపడను. మరీ చిక్కగా, అందంగా కనిపించే ఫైలునే అనుమానిస్తాను.

గామా, అంటే నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎంత వెలుగుగా కనిపించాలో నిర్ణయించే సంఖ్య, దాని సంగతి వేరు. అక్కడ నలుపూ తెలుపూ తమ చోట్లలోనే ఉంటాయి. మధ్యలోని బూడిద ఛాయలు మాత్రమే తేలికవుతాయి, లేదా బరువెక్కుతాయి. వేవ్‌ఫామ్‌లో కొసలు, అంటే నలుపూ తెలుపూ, కదిలితే లెవెల్స్, అంటే ఆ 0–255, 16–235 హద్దులు, చూడండి. కొసలు నిలిచి నడుము, అంటే మధ్య ఛాయలు, కదిలితే గామా చూడండి. కొసలూ నడుమూ అన్నీ నిలిచే ఉండి, తెర మీద మాత్రమే తేడా కనిపిస్తే ఫైలును ముట్టుకోకండి. అది చూపించే ప్లేయర్ తెచ్చిన తేడా.

ఈ మూడోది మాక్‌లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. 2009 వరకు ఆ యంత్రాల గామా 1.8. ఆ తర్వాత 2.2 అయింది. స్టూడియో మానిటర్‌కు 2011 నాటి బీటీ 1886 ప్రమాణం ప్రకారం 2.4. ఆపిల్ వాళ్ల క్విక్‌టైమ్ ఫైలులో ‘1-1-1’ లాంటి మూడు అంకెల ట్యాగ్ ఉంటుంది. ప్రైమరీలు (మూల రంగులు), గామా, మ్యాట్రిక్స్ (రంగులను వెలుగు, రంగు భాగాలుగా విడదీసే లెక్క) ఏ ప్రమాణానివో అది చెబుతుంది. క్విక్‌టైమ్ ప్లేయర్ దాన్ని చదివి బొమ్మను స్టూడియోలో కంటే తేలికగా చూపిస్తుంది. ట్యాగ్‌ను పట్టించుకోని ప్లేయర్లు వేరేలా చూపిస్తాయి. పిక్సెళ్ల విలువలు మాత్రం అవే. క్లయింట్ లాప్‌టాప్‌లో వెలిసినట్టు ఉందని గ్రేడ్‌ను, అంటే మనం దిద్దిన రంగులను, నల్లబరిస్తే, సరైన మానిటర్ మీద ఆ సినిమా మునిగిపోతుంది. ఆ ఒత్తిడికి లొంగకండి. మన కెమెరామన్ కష్టం మన చేతుల్లో ఉంది.

ప్రతి ప్రాజెక్టు మొదట్లో ఒక పని చేయండి. 0, 16, 128, 235, 255 విలువలతో ఐదు బూడిద పట్టీలు గీసి, ఆ ప్రాజెక్టు ఫైళ్లు నడిచే దారంతా నడిపించండి. గ్రాఫిక్స్, ఎడిట్, ఫినిషింగ్, తుది ఫైలు. తిరిగి వచ్చినదాన్ని అసలుదాని మీద పరచి రెండింటి మధ్య తేడాను మాత్రమే చూపే డిఫరెన్స్ మోడ్ పెట్టి, ఆ తేడా కంటికి కనిపించేలా గెయిన్ (వెలుగు) పెంచండి. కోడెక్ ఫైలు సైజు తగ్గించడం వల్ల సన్నని గరుకు కనిపిస్తే ఫరవాలేదు. పట్టీల ఆకారం కనిపించిందంటే దారిలో ఎక్కడో ఒక సెట్టింగ్ తప్పు. ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లి, ఆకారం ఎక్కడ మాయమవుతుందో చూడండి. తప్పు దాని తర్వాతి మెట్టులోనే ఉంటుంది. రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో అయితే క్లిప్ యాట్రిబ్యూట్స్‌లోనూ, డెలివర్ పేజీలోనూ డేటా లెవెల్స్ ‘ఆటో’లో ఉన్నాయా, ‘వీడియో’లో ఉన్నాయా, ‘ఫుల్’లో ఉన్నాయా అని రెండు చోట్లా చూడండి. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోవడమే ఎక్కువగా జరుగుతుంది.

ఆ గుంట మగ్గం షాట్ అసలు ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని కూడా తెచ్చాను. దయచేసి లైట్లు తగ్గించండి. ముందు వేవ్‌ఫామ్ ఒక్కటే చూపిస్తాను. పాదాలు ఎంత విలువ దగ్గర ఉన్నాయో మీరే చదివి చెప్పండి. బొమ్మ తర్వాత తెరుద్దాం.