రాడ్డు మార్చే క్షణం: ఆర్క్ వెల్డింగ్‌లో జాగ్రత్తలపై ఒక ప్రసంగం

సభాధ్యక్షులకు, బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడల నుంచి వచ్చిన వర్క్‌షాపు యజమానులకు, ఫ్యాబ్రికేషన్ కార్మిక సోదరులకు, ఐటీఐ విద్యార్థులకు నమస్కారం.

ఆర్క్ వెల్డింగ్ ప్రమాదాలు అనగానే ఎవరి మనసైనా ముందుగా కళ్లు చెదిరే ఆ వెలుగు మీదికీ, ఎగిరిపడే నిప్పురవ్వల మీదికీ పోతుంది. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి మనిషి ఎంతోకొంత జాగ్రత్త పడతాడు. నేను ఈ రోజు ఎక్కువ సమయం తీసుకోబోయేది కంటికి కనిపించని వాటి మీద: ఆర్క్, అంటే రాడ్డు కొనకూ లోహానికీ మధ్య పుట్టే విద్యుత్ మంట, వెలగనప్పుడు హోల్డర్‌లో (రాడ్డును పట్టి ఉంచే చేతిపిడిలో) పొంచి ఉండే వోల్టేజీ ఒకటి, పనిలో పడి ఎవరూ తిరిగి చూడని ఎర్త్ కేబుల్ మరొకటి.

మన వర్క్‌షాపుల్లోని పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు చాలావరకు రెండు ఫేజుల మీద, అంటే 415 వోల్టుల మీద నడుస్తాయి. ఆ వోల్టేజీని తగ్గించి హోల్డర్‌కు ఇస్తాయి. ఆర్క్ వెలుగుతున్నంతసేపు రాడ్డుకూ లోహానికీ మధ్య ఉండేది సుమారు 20 నుంచి 30 వోల్టులే. ఆర్క్ ఆరిపోగానే అది దాదాపు 80 వోల్టులకు పెరుగుతుంది. దీన్నే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ అంటాం. కాలిపోయిన రాడ్డు ముక్కను తీసి పారేసి కొత్త రాడ్డు పెట్టేది సరిగ్గా ఆ సమయంలోనే. మంట ఆరింది కాబట్టి పని ఆగిందనుకుని, ఎడమచేతి గ్లవుజు తీసి, ఉత్త చేత్తో రాడ్డు పట్టుకుని హోల్డర్ దవడల్లో దూర్చేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. మంట వెలుగుతున్నప్పటి కంటే మిషన్ ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడే షాక్ ప్రమాదం ఎక్కువ అన్న సంగతి పాతికేళ్ల అనుభవం ఉన్న చేతులకు కూడా తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు, ఎందుకంటే ఈ పని మనలో చాలామంది గురువు పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదే తప్ప లెక్క కట్టి నేర్చుకున్నది కాదు.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. చర్మం పొడిగా ఉన్నప్పుడు శరీరం విద్యుత్తును బాగానే అడ్డుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద చొక్కా, గ్లవుజులు చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయినప్పుడు ఆ నిరోధం సుమారు వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. 80 వోల్టులను వెయ్యితో భాగిస్తే 80 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ఏసీ కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదలలేని స్థితి వస్తుంది. 50 దాటి కొన్ని క్షణాలు ఛాతీ గుండా ప్రవహిస్తే గుండె లయ తప్పవచ్చు. "ఇది తక్కువ వోల్టేజీ, ఏం కాదు" అన్న మాటలో సగం నిజం ఉంది. ఎండిన చేతికి, ఎండిన నేల మీద నిలబడ్డ మనిషికి చాలాసార్లు ఏమీ కాదు. అందుకే ఆ మాట ఇన్నాళ్లుగా మన మధ్య చెల్లుబాటవుతోంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) పెట్టించాం, షాక్ కొడితే అదే పడిపోతుందని కొందరు యజమానులు ధీమాగా చెబుతారు. ఆ పరికరం తప్పకుండా ఉండవలసిందే, ప్లగ్గు నుంచి మిషన్ దాకా ఉన్న వైరులో లోపం వస్తే అది ప్రాణం కాపాడుతుంది. అయితే మిషన్ లోపల సరఫరా వచ్చే ప్రైమరీ చుట్టకూ, హోల్డర్‌కు కరెంటు ఇచ్చే సెకండరీ చుట్టకూ నేరుగా తీగ సంబంధం ఉండదు. హోల్డర్ నుంచి మనిషి ఒంటిగుండా జాబ్‌లోకి (వెల్డింగ్ చేస్తున్న లోహపు వస్తువులోకి), అక్కడి నుంచి తిరిగి మిషన్‌లోకి ప్రవహించే కరెంటు బోర్డులోని ఆర్‌సీసీబీకి కనిపించదు. కాబట్టి హోల్డర్ వైపు షాక్ తగిలితే అది పడిపోదు. ఆ వైపు రక్షణ గ్లవుజు, బూటు, కింద వేసుకునే పొడి చెక్క లేదా రబ్బరు మ్యాటు, పగుళ్లు లేని హోల్డర్ మాత్రమే. దవడల మీది ఇన్సులేషన్ ఊడిపోతే గుడ్డ చుట్టి పని కానివ్వడం, హోల్డర్ వేడెక్కితే బకెట్ నీళ్లలో ముంచి చల్లార్చడం, కేబుల్‌ను భుజానికి చుట్టుకుని నిచ్చెన ఎక్కడం, ఈ మూడూ వెంటనే మానవలసిన అలవాట్లు. తడి గుడ్డ ఇన్సులేషన్ కాదు.

జీడిమెట్ల వైపు మందుల కర్మాగారాల రియాక్టర్లలోకి, ట్యాంకుల్లోకి దిగి పని చేసేవారికి ఇది మరింత వర్తిస్తుంది. చుట్టూ ఉన్నదంతా లోహమే. మోకాలు, వీపు, మోచేయి అన్నీ జాబ్‌కు ఆనుకునే ఉంటాయి. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36ఎ సెక్షన్, తగిన రక్షణ సాధనాలు లేకుండా అలాంటి ఇరుకు చోట్లలో 24 వోల్టులు మించిన చేతిదీపం వాడకూడదని చెప్పింది. దీపానికే 24 వోల్టుల హద్దు పెట్టిన చోటికి 80 వోల్టుల హోల్డర్‌ను తీసుకెళ్తున్నామని యజమానులు ఒక్కసారి ఆలోచించాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇలాంటి చోట్లకు తగిన మిషన్‌లో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ ఏసీ అయితే 48 వోల్టులు మించకూడదు. డీసీకి హద్దు 113. ఆ మిషన్ల నేమ్‌ప్లేట్ మీద చతురస్రంలో 'ఎస్' అనే అక్షరం ఉంటుంది. రాణిగంజ్‌లో మిషన్ కొనేటప్పుడు ధరతోపాటు ఆ అక్షరం కూడా చూడండి. ఆర్క్ ఆరగానే వోల్టేజీని సురక్షితమైన స్థాయికి దించే వీఆర్‌డీ అనే అమరిక ఉన్న ఇన్వర్టర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వీలైతే వాటినే తీసుకోవాలని నా సలహా.

ఇక ఎర్త్ సంగతి. మనం ఎర్త్ అని పిలిచే ఆ రెండో కేబుల్ నిజానికి భూమికి పోయేది కాదు, కరెంటు మిషన్‌లోకి తిరిగి వచ్చే దారి. హోల్డర్ కేబుల్‌లో 120 ఆంపియర్లు వెళితే అందులోనూ 120 ఆంపియర్లే రావాలి. అయినా హోల్డర్‌కు కొత్త కేబుల్ కొని, ఎర్త్‌కు పాత ఇనుప చువ్వనో, ముక్కలు ముడివేసిన తీగనో వాడే వర్క్‌షాపులు ఉన్నాయి. అలాంటి ముడి దగ్గర టేపు విప్పి చూడండి, రాగి పోగులు నల్లబడి, పొడిపొడిగా రాలుతూ ఉంటాయి. ఆ వేడి అక్కడ రోజూ పుడుతున్నదే.

ఇంతకంటే పెద్ద పొరపాటు, కడుతున్న భవనాల్లో ఎర్త్ క్లాంపును దగ్గర్లో కనిపించిన స్లాబు కడ్డీకి తగిలించి, పని మాత్రం ఇరవై అడుగుల అవతల చేయడం. కరెంటు తనకు దొరికిన దారులన్నిటినీ పట్టుకుని తిరిగి వస్తుంది. జాబ్ మీద లోహాన్ని అరగదీసే గ్రైండర్ పెట్టి ఉంటే దాని సన్నని ఎర్త్ వైరే ఆ దారి కావచ్చు. లిఫ్టు గుంతలో పని అయితే లిఫ్టు తాడే కావచ్చు. రెండు మూడు ఆంపియర్ల గ్రైండర్ కోసం వేసిన సన్నని వైరులో వెల్డింగ్ కరెంటు పారితే అది లోపలే మాడిపోతుంది, బయటికి మాత్రం గ్రైండర్ మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. కొన్ని వారాల తర్వాత ఆ గ్రైండర్ బాడీకి ఫేజు తగిలిన రోజు దాన్ని పట్టుకున్న మనిషికి రక్షణగా ఎర్త్ ఉండదు, ఆ ప్రమాదానికి కారణం వెల్డింగ్ అని ఎవరికీ తట్టదు. కాబట్టి క్లాంపును జాబ్‌కే, అతుకు పడే చోటికి వీలైనంత దగ్గరగా, రంగూ తుప్పూ గీకిన చోట బిగించండి. ఒకే జాబ్ మీద ఇద్దరు వేర్వేరు ఫేజుల మిషన్లతో పని చేస్తుంటే ఒక హోల్డర్‌కూ మరో హోల్డర్‌కూ మధ్య వోల్టేజీ ఒక్కో మిషన్‌ది కంటే చాలా ఎక్కువ, కలుపుకునే తీరును బట్టి రెట్టింపు దాకా ఉండవచ్చు. చేయి చాస్తే అందేంత దగ్గరగా ఆ ఇద్దరినీ కూర్చోబెట్టకూడదు.

నిప్పు విషయంలో సూత్రం అందరికీ తెలిసినదే, దూరం దగ్గరే లెక్క తప్పుతుంది. చుట్టూ 35 అడుగుల మేర కాలే వస్తువు ఉండకూడదని సాధారణ నియమం, అది నేల మీద పనికి. అపార్టుమెంటు అయిదో అంతస్తు బాల్కనీకి గ్రిల్ బిగించేటప్పుడు రవ్వలు కింద ఆరేసిన బట్టల మీదా, సోఫా ఫోమ్ మీదా, పార్కింగులోని బండ్ల మీదా పడతాయి. తడిపిన గోనెసంచి కంటే వెల్డింగ్ దుప్పటి మేలు, కింద ఒక మనిషిని నిలబెట్టడం అంతకంటే మేలు. పని ముగిసిన తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు అక్కడ ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. రంపపు పొట్టులో, దూదిలో పడిన రవ్వ వెంటనే మండదు, రాజుకుంటుంది. ఖాళీ థిన్నర్ డ్రమ్మును, పెట్రోలు ట్యాంకును మూత తీసి ఉంచాం కదా అని వెల్డింగ్‌కు ఒప్పుకోకండి. అడుగున మిగిలిన తడి ఆవిరే దాన్ని పేల్చడానికి చాలు.

పొగ గురించి. వెల్డింగ్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి. జీఐ పైపును (జింకు పూత వేసిన ఇనుప పైపును) పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే జింకు పొగ పీల్చినవారికి ఆ సాయంత్రమో రాత్రో చలిజ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి ఎండదెబ్బ అనుకుని వదిలేస్తారు. బెల్లం ముక్క, గ్లాసెడు పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన పొగను విరుస్తాయన్నది వట్టి నమ్మకం, పాలు వెళ్లే దారి వేరు. పాలు తాగవద్దని నేను అనడం లేదు, వాటికయ్యే ఖర్చుతోపాటు పొగను పక్కనుంచి లాగేసే ఎగ్జాస్టుకు కూడా ఖర్చు పెట్టమంటున్నాను. ముక్కుకు కట్టుకునే రుమాలు ఈ సన్నని కణాలను ఆపదు. వెల్డింగ్‌కు ఆర్గాన్ వాయువు వాడే ఇరుకు చోట్లలో మరో గండం ఉంది. అది గాలికంటే బరువైనది, వాసన లేనిది, అడుగున చేరి ప్రాణవాయువును పైకి నెట్టేస్తుంది. బయట కాపలా మనిషి లేకుండా లోపలికి దిగకూడదు, గాలి ఆడించడానికి ఆక్సిజన్ సిలిండర్ ఎప్పుడూ తెరవకూడదు.

కంటికి 3.15 మిల్లీమీటర్ల రాడ్డుతో పనికి మొహానికి అడ్డం పెట్టుకునే కవచంలో పదో నంబరు నల్ల గ్లాసు, కరెంటు పెరిగితే పదకొండో నంబరు సరిపోతుంది. ఎక్కువగా దెబ్బతినేది వెల్డరు కాదు, ట్యాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకు) వేసేటప్పుడు ఇనుప యాంగిల్ పట్టుకుని మొహం పక్కకు తిప్పుకునే హెల్పరు. అతని కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలయ్యేది ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి. కళ్ల మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో, గాయం మాత్రం మానదు. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు డాక్టరు చెప్పకుండా వేసుకుంటే కంటిపొర మానడం ఆలస్యమవుతుంది. కాంటాక్టు లెన్సులు ఆర్క్ వెలుగుకు కంటికి అతుక్కుపోతాయన్న కథ మాత్రం అబద్ధం. స్లాగ్ (అతుకు మీద గట్టిపడిన పెచ్చు) కొట్టేటప్పుడు తెల్ల గాగుల్సు తప్పనిసరి, వేడి పెచ్చు నేరుగా కంట్లోకే ఎగురుతుంది.

చివరిగా, తోటి మనిషి హోల్డర్ పట్టుకుని బిగుసుకుపోతే అతన్ని ముట్టుకోకుండా ముందు మిషన్ స్విచ్ ఆపండి. అందుకే స్విచ్ పరుగెత్తితే అందే చోట, అడ్డం లేకుండా ఉండాలి. 108కి ఫోన్ చేయించండి. శ్వాస ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో అయిదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. షాక్ తగిలినవాడు లేచి కూర్చుని చాయ్ అడిగినా సరే, ఆ రోజుకు పని ఆపించి ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి; గుండె లయ తప్పడం కొన్నిసార్లు ఆ తర్వాత కూడా బయటపడుతుంది. ఆ ఖర్చు, ఆ పూట కూలీ యజమానిదే.