ఫోన్-ఇన్: చదువులకు ఊరు దాటే పిల్లలు, ఆరోగ్య బీమా

యాంకర్: నమస్కారం. మొదటి కాల్ పర్లాకిమిడి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా పాప ఇంజినీరింగ్‌కి విశాఖపట్నం వెళ్తోంది. కాలేజీవాళ్లు ఫీజుతో పాటు ఇన్సూరెన్స్ కూడా కట్టించుకున్నారు. మా ఆయనకి ఫ్యామిలీ పాలసీ ఉంది. ఇంకా అందులో ఎందుకు, పాప పేరు తీయించేద్దామని...

నిపుణుడు: తొందరపడకండమ్మా. కాలేజీ రసీదులో ఏమని ఉంది?

కాలర్: ఉండండి సార్, తీస్తున్నా... గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్.

నిపుణుడు: చూశారా, అది ప్రమాదాలకే. డెంగీతో చేరినా, అపెండిక్స్ ఆపరేషనైనా అందులోంచి పైసా రాదు. అప్పుడు మీ ఫ్యామిలీ పాలసీయే దిక్కు. చాలా పాలసీల్లో మీమీద ఆధారపడ్డ పిల్లలకి 25 ఏళ్ల వరకూ వర్తిస్తుంది. మీ కాగితంలో వయసు చూసుకోండి.

కాలర్: ఒడిశాలో తీసుకున్నది ఆంధ్రాలో చెల్లదని మా వదిన అంటోంది సార్.

నిపుణుడు: చెల్లుతుందమ్మా. కొన్ని పాలసీల్లో పెద్ద నగరాల్లో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా మనమే కట్టాలి. అదీ కాగితంలోనే ఉంటుంది. చదవండి.

కాలర్: మరి అక్కడ ఆరోగ్యశ్రీ?

నిపుణుడు: అది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఆంధ్రా కుటుంబాలకి. మీకు ఒడిశా ప్రభుత్వ గోపబంధు జన ఆరోగ్య కార్డు ఉంటే, 2025లో అది కేంద్రం ఆయుష్మాన్ పథకంతో కలిసింది కాబట్టి బయటి రాష్ట్రాల్లోనూ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో పనిచేస్తుంది.

కాలర్: అయితే పాప పేరు తీయించమంటారా, ఉంచమంటారా?

నిపుణుడు: ఉంచమనే కదమ్మా చెబుతున్నాను! తీసేసి మళ్లీ చేరిస్తే ప్రమాదాలకి తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. పాత జబ్బుంటే మూడేళ్ల వరకూ ఆగమనొచ్చు.

కాలర్: పాపకి చిన్నప్పట్నుంచీ ఆస్తమా ఉంది సార్.

నిపుణుడు: ఆ మాట ముందు చెప్పాలి కదా తల్లీ! పాలసీ తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో రాశారా?

కాలర్: ఏజెంటే నింపాడు. మేం సంతకం పెట్టాం.

నిపుణుడు: ఇదేనమ్మా నా బాధ. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట వింటున్నాను. కంపెనీని ఫారం కాపీ అడగండి. ఆస్తమా రాయకపోయి ఉంటే ఇప్పుడే ఉత్తరం ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. పాప ఆసుపత్రిలో ఉన్నప్పుడు అది బయటపడితే క్లెయిమ్ కొట్టేయొచ్చు. భయపెట్టడానికి కాదు, ఈ వారమే చేస్తారని చెబుతున్నాను.

కాలర్: రేపే వెళ్తాం సార్. అయితే కాలేజీది...

నిపుణుడు: అదీ ఉండనివ్వండి. ప్రమాదానికి పనికొస్తుంది.

యాంకర్: థాంక్యూ అమ్మా. రాయగడ నుంచి ఎవరు?

కాలర్: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు సార్. రాత్రిపూట ఏదైనా అయితే క్యాష్‌లెస్‌కి, అదే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడానికి, మేం వెళ్లాలా?

నిపుణుడు: అక్కర్లేదు. హెల్త్ కార్డు, ఆధార్ ఫోటోలు అబ్బాయి ఫోన్లో, రూమ్మేట్ ఫోన్లో ఉంచండి. ఎమర్జెన్సీలో చేరితే సాధారణంగా 24 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలి. పాలసీలో ఆసుపత్రి గది అద్దె పరిమితి చూసుకోండి. అది దాటితే మిగతా బిల్లులోనూ కోత పడొచ్చు...

యాంకర్: లైన్ కట్టయింది సార్. గుణుపురం, త్వరగా అడగండి.

కాలర్: బ్యాంకులో 20 రూపాయల బీమా ఉంది కదా, అది చాలదా సార్?

నిపుణుడు: ప్రధానమంత్రి సురక్షా బీమానా? 18 నిండితే తప్పకుండా తీసుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తారు. ఆసుపత్రి బిల్లు మాత్రం ఇవ్వరు బాబూ. దానికి వేరే పాలసీ ఉండాల్సిందే.

యాంకర్: సమయం అయిపోయింది. థాంక్యూ సార్.