బీ.ఫార్మసీ అయ్యాక వార్డులోకి: ఫార్మ్.డీ పీబీనా, ఎం.ఫార్మసీనా?

[మెడికల్ షాపు కౌంటర్. యాంకర్ చేతిలో రెండు చీటీలు.]

ఒక పెద్దావిడ అనుకోండి. గుండెలో మెకానికల్ వాల్వు ఉంది, రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్‌ఫరిన్ వేసుకుంటుంది. పంటి నొప్పని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ రాశారు. రెండు చీటీలూ మీ ముందున్నాయి. మందులిచ్చి పంపేస్తారా?

[స్క్రీన్ మీద: వార్‌ఫరిన్, సీవైపీ2సీ9, మెట్రోనిడజోల్]

కాలేయంలో వార్‌ఫరిన్‌ని అరగదీసే ఎంజైమ్ ఈ సీవైపీ2సీ9. మెట్రోనిడజోల్ దానికి అడ్డుపడుతుంది. వార్‌ఫరిన్ ఒంట్లో పేరుకుపోతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క ఐఎన్ఆర్. మూడు దగ్గర ఉండాల్సిన అది ఐదో ఆరో అవుతుంది. బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, అది మొదలు మాత్రమే.

ఇదంతా బీ.ఫార్మసీలో చదివాం, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాం. మరి ఆ డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్, ఇది మార్చే వీలుందా? లేకపోతే మూడు రోజుల్లో ఐఎన్ఆర్ చూద్దామా?" అని అడగడం ఎవరు నేర్పారు? క్లినికల్ ఫార్మసీ అంటే ఆ ఫోన్ కాలే.

[ఆసుపత్రి వార్డు. తెల్ల కోట్లు, కేస్ షీట్లు.]

మన దేశంలో ఈ చదువు 1990ల చివర్లో మైసూరు, ఊటీ కాలేజీల్లో ఎం.ఫార్మసీ ఫార్మసీ ప్రాక్టీస్‌గా మొదలైంది. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఫార్మ్.డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ తెచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు. బీ.ఫార్మసీ చేసినవాళ్లు పోస్ట్ బాకలారియేట్‌లో, అంటే పీబీలో చేరితే మూడేళ్లే. రెండేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మిగతా ఆరు నెలలు మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు.

ఎం.ఫార్మసీ రెండేళ్లు. జీప్యాట్ అనే జాతీయ పరీక్షలో అర్హత ఉండి, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండు కోర్సులకూ, పీబీకీ ఎం.ఫార్మసీకీ, పీజీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది.

డీ.ఫార్మసీ డిప్లొమాతో ఫార్మసిస్టుగా రిజిస్టర్ అయినవాళ్లకి పీబీ కుదరదు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీ.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరాలి, లేదా ఆరేళ్ల ఫార్మ్.డీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. షాపు నడుపుతూ ఆరేళ్లంటే చిన్న విషయం కాదు, ఇంట్లో కూర్చుని లెక్కలేసుకోండి.

ఇక ఉద్యోగాలు. ఫార్మ్.డీ చేసి పేరు ముందు డాక్టర్ అని రాసుకున్నా ప్రిస్క్రిప్షన్ రాసే హక్కు రాదు. హైదరాబాద్‌లో ఈ చదువు చదివినవాళ్లలో చాలామంది ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో కంప్యూటర్ ముందు కూర్చుని దుష్ప్రభావాల రిపోర్టులు ఎంటర్ చేస్తున్నారు. అదీ మంచి ఉద్యోగమే. కానీ రోగి పక్కన నిలబడాలన్నదే మీ కోరికైతే ముందే తెలిసి చేరండి.

[కాలేజీ గేటు.]

నా మటుకు నాకు కోర్సు పేరు కన్నా ఆసుపత్రే ముఖ్యం. ఫార్మ్.డీ కాలేజీకి కనీసం 300 పడకల ఆసుపత్రి ఉండాలని రూలు. కాగితం మీద అందరికీ ఉంటుంది. అందుకే ఫీజు కట్టకముందే ఉదయం తొమ్మిదింటికి ఆ ఆసుపత్రికే వెళ్లండి. రౌండ్స్‌లో ఫార్మ్.డీ పిల్లలు కనిపిస్తారేమో చూడండి. కనిపిస్తే ఒకరిని పక్కకు పిలిచి ఒక్క మాట అడగండి: "నువ్వు చెప్తే డాక్టర్ గారు డోసు మార్చింది చివరిసారి ఎప్పుడు?"