రెండు ఊళ్ల చీటీలు, ఒకటే మందు

[మందుల షాపు కౌంటరు. గాజుబల్ల మీద పాత గుడ్డసంచి. చేతులు మాత్రమే కనిపిస్తాయి. సంచిలోంచి ఒక్కో స్ట్రిప్పూ తీసి వరసగా పేరుస్తుంటాయి.]

వాయిస్: ఈ సంచి మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మది. మాది పర్లాకిమిడి, ఒడిశా ఆంధ్ర సరిహద్దులో ఉంటుంది. మా ఊళ్లో ఒక్క మనిషికి రెండు రాష్ట్రాల డాక్టర్లుంటారు. బరంపురం బస్సెక్కితే ఒకరు, పాతపట్నం దాటి శ్రీకాకుళం వైపు వెళ్తే ఇంకొకరు. ఒకరి చీటీ ఇంకొకరి కంట పడదు. పెద్దమ్మకి ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులు, ఇద్దరి దగ్గరికీ తిరిగింది.

[క్లోజప్: క్యాప్సూళ్ల స్ట్రిప్పు.]

ఇది బరంపురంలో రాసింది. ట్రమడాల్ 50 మిల్లీగ్రాములు, పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి.

[క్లోజప్: మాత్రల స్ట్రిప్పు. వేలు వెనకవైపు సన్నక్షరాల మీద ఆగుతుంది.]

ఇది శ్రీకాకుళం వైపు రాసింది. పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు. వెనక్కి తిప్పి చదివితే ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 అని ఉంది. రోజుకి మూడు. లెక్కేయండి. అటు 100, ఇటు 112.5, మొత్తం 212.5. దాని మీద ఒళ్లు వెచ్చబడితే ఇంట్లో ఉన్న పారాసిటమాల్ విడిగా ఇంకోటి. రాత్రి నిద్రకి అల్ప్రాజొలాం అర ముక్క.

"రెండూ డాక్టర్లు రాసినవే కదేటి బాబూ, నానేటి ఎక్కువేసుకున్నాను?" అంది.

ఆవిడ అన్నది నిజమే. చీటీ దాటి ఒక్క ట్రమడాల్ మాత్ర కూడా వేసుకోలేదు.

[వక్త కెమెరా ముందుకి వస్తారు.]

నమస్కారమండీ. ఇవాళ నల్లమందు జాతి నొప్పి మాత్రల గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషులో ఓపియాయిడ్ అంటారు. గసగసాల కాయకి గాటు పెడితే కారే పాలే నల్లమందు. మార్ఫిన్, కోడీన్ అందులోంచి తీస్తారు. ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్ లాంటివి ఫ్యాక్టరీలో తయారవుతాయి, కానీ ఒంట్లో ఇవన్నీ పట్టుకునే చోటు ఒకటే. మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురు మోసే చోట కూర్చుని ఆ కబురుని తగ్గిస్తాయి. చిక్కేమిటంటే అలాంటి చోట్లే ఊపిరిని నడిపే భాగంలోనూ ఉన్నాయి, పేగుల్లోనూ ఉన్నాయి. అందుకే నొప్పితోపాటు ఊపిరీ నెమ్మదిస్తుంది, విరేచనమూ ఆగిపోతుంది.

ముందు ఒక చేదు మాట. నడుం నొప్పికీ, అరిగిన మోకాళ్లకీ ఈ మందులు మనం అనుకున్నంత గొప్పవి కావు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఇవి, ఇంకో జట్టుకి మామూలు నొప్పి మందులు ఏడాది పాటు ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. పనులు చేసుకోవడంలో రెండు జట్లూ సమానం. నొప్పి మాత్రం మామూలు మందుల జట్టుకే కాస్త తక్కువ. కేన్సర్ నొప్పి సంగతి వేరు. అక్కడ మార్ఫిన్ లేక మనుషులు అల్లాడిపోతారు. అది ఇవ్వడానికి ఆసుపత్రులకి దారి సులువు చెయ్యాలనే 2014లో మత్తుమందుల చట్టం మార్చారు. కేన్సర్ మనిషికి మార్ఫిన్ రాస్తే "అలవాటైపోతుందేమో" అని ఇంట్లోవాళ్లు దాచెయ్యడం నేను చూశాను. అలా చెయ్యకండి.

మరి మోకాళ్లకి డాక్టర్లు ట్రమడాల్ ఎందుకు రాస్తారు? మన వైపు ఒక కారణం ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం అంటే కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది కదా. డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలు రోజూ మింగితే అసలే బలహీనమైన కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. అందుకని ఇటు మొగ్గుతారు. కానీ కిడ్నీ సరిగా లేకపోతే ట్రమడాల్ కూడా ఒంట్లోంచి త్వరగా పోదు. మామూలు మనిషికి రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదు, 75 ఏళ్లు పైబడితే 300, కిడ్నీ బాగా పాడైతే 200. పెద్దమ్మ లెక్క 212.5. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. ఆవిడకి అది ఎంతో రెండు చీటీల్లోనూ లేదు!

[కట్. రాత్రి. మంచం మీద నిద్రపోతున్న మనిషి నీడ. గట్టిగా గురక.]

వాయిస్: ఈ చప్పుడు వినండి. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? "పాపం, ఇన్నాళ్లకి హాయిగా పడుకుంది" అనుకుని తలుపు దగ్గరికేసి వెళ్లిపోతారు. కొత్తగా మొదలైన గుర్రు, గొంతులో నీళ్లున్నట్టు చప్పుడు, పిలిస్తే పలక్కపోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, పెదాలూ గోళ్లూ నీలంగా మారడం, కంటిపాప గుండుసూది తలంత కావడం... ఇది నిద్ర కాదు. భుజం పట్టి గట్టిగా కుదపండి. లేవకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యండి. నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది, ఆసుపత్రిలో ఇస్తారు. వెళ్లేటప్పుడు స్ట్రిప్పులు వెంట పట్టుకెళ్లండి. పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు.

[వక్త.]

ఇలా అయ్యేది ఎక్కువగా కలిపినప్పుడు. నిద్రమాత్రతో కలిపినా, మందుతో కలిపినా. మందంటే పెగ్గే కాదండీ. కొండ మీద ఇప్పసారా, పొద్దున్నే దింపిన జీలుగుకల్లు, అన్నీ లెక్కే. "కల్లు చలవ చేస్తుంది" అనే మావయ్యలందరికీ ఈ మాట చెప్తున్నాను. దిగులు తగ్గడానికి వాడే కొన్ని మాత్రలతో ట్రమడాల్ పడదు. మూర్ఛ ఉన్నవాళ్లకీ ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. నెమ్మదిగా కరిగే మాత్రలని నలిపి ఇస్తే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగిపోతుంది. ఒంటికి అంటించే ఫెంటనిల్ పట్టీ మీద వేడినీళ్ల కాపడం పెట్టినా అంతే, మందు ఎక్కువగా లోపలికి పోతుంది.

ఇక మలబద్ధకం. దీని గురించి డాక్టరుని అడగడానికి సిగ్గుపడతారు గానీ, చాలామంది మందు మానేసేది దీనివల్లే. వికారం, మత్తు కొన్ని రోజులకి సర్దుకుంటాయి, ఇది మాత్రం మందు వాడినన్నాళ్లూ ఉంటుంది. ఇసబ్‌గోల్ ఒక్కటే చాలదు, నీళ్లు సరిగా తాగకపోతే ఇంకా గట్టిపడుతుంది. పేగుని కదిలించే మాత్ర మొదటి రోజునుంచే కావాలని చీటీ రాసేటప్పుడే అడగండి.

షాపులో చీటీ అడిగితే కోప్పడకండి. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. మీ పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకుని మూడేళ్లు ఉంచాలి. బరంపురంలో కొన్నది ఇచ్ఛాపురం తీసుకెళ్తున్నారా, చీటీ కూడా జేబులో పెట్టుకోండి.

అలవాటు సంగతి. కొన్ని వారాలు రోజూ వాడితే ఒళ్లు ఎవరికైనా ఆ మందుకి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే ముక్కు కారడం, ఆవలింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, నీళ్ల విరేచనాలు. ఇది వ్యసనం కాదు, ఒంటి లెక్క. నొప్పి లేకపోయినా వేసుకోవడం, దొంగచాటుగా ఇంకో షాపుకి పోవడం, అదీ వ్యసనం. మొదటిదానికి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఏడాది పైన వాడినవాళ్లకి నెలకి పదో వంతు చొప్పున తగ్గించడం కూడా మామూలే. రెండోదానికి 14446కి ఫోన్ చెయ్యవచ్చు, డబ్బులుండవు.

[మళ్లీ కౌంటరు. గుడ్డసంచి.]

వాయిస్: పెద్దమ్మ రెండు చీటీలూ ఒకే కాగితం మీద తెలుగులో రాశాను. మందు పేరు, ఎంత, ఎప్పుడు, ఎవరు రాశారు. అది పట్టుకుని కొడుకుతో బరంపురం డాక్టరు దగ్గరికి వెళ్లింది. క్యాప్సూల్ ఒక్కటే ఉంచారు, నిద్రమాత్ర తీసేశారు, కిడ్నీ పరీక్ష రాశారు, తొడ కండరాలకి వ్యాయామం చూపించారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాలు చాచి పది అంకెలు లెక్కపెడుతోంది, మధ్యలో నన్ను తిడుతూ.

మొన్న మిగిలిన మాత్రల స్ట్రిప్పు తెచ్చింది.

"ఎదురింటోడికి నడుం నొప్పంట. ఇచ్చీమంటావా?"

"వద్దు పెద్దమ్మా. అతనికి ఫిట్సున్నాయో, రాత్రి తాగుతాడో నీకేం తెలుసు?"

[క్లోజప్: మాత్రలు ఒక్కొక్కటే వాడేసిన టీపొడిలో పడతాయి. వేళ్లు కవరు మూతి ముడేస్తాయి.]