మన్‌హాటన్: మందు పేరా, విల్లు పేరా?

తమ్ముడు: రికార్డింగ్ మొదలైందక్కా. ఇవాళ మందు గురించా, ఊరి గురించా?

అక్క: రెండూనూ. మన్‌హాటన్. న్యూయార్క్‌లోని దీవి పేరూ అదే, కాక్‌టెయిల్ పేరూ అదే. మందు సంగతి ముందే చెప్పేస్తాను. రై విస్కీ రెండు వంతులు, తీపి వెర్మూత్, అంటే మూలికలు వేసిన వైన్, ఒక వంతు. బిటర్స్, అంటే చేదు మూలికల సారం, రెండు చుక్కలు, ఒక చెర్రీ. అంతే.

తమ్ముడు: చర్చిల్ వాళ్లమ్మ ఇచ్చిన పార్టీలో పుట్టిందంటారుగా?

అక్క: ఉత్త కథ. 1874 చివర్లో న్యూయార్క్‌లోని మన్‌హాటన్ క్లబ్‌లో విందు ఇచ్చిందట. అదే ఏడు నవంబరు 30న ఆవిడ ఇంగ్లండ్‌లో చర్చిల్‌ని కన్నది. నెలలు నిండిన మనిషి సముద్రం దాటొచ్చి విందులిస్తుందా?

తమ్ముడు: సరే, మరి ఊరి పేరు?

అక్క: అది లెనాపె అనే అక్కడి ఆదివాసుల మాట. ఆ నేల వాళ్లదే. 1609లో హెన్రీ హడ్సన్ అనే ఆంగ్ల నావికుడి ఓడలో వచ్చిన రాబర్ట్ జ్యూయెట్ తన డైరీలో 'మన్నా-హటా' అని రాసుకున్నాడు. అర్థం దగ్గరే తగాదా. హెకెవెల్డర్ అని ఒక మిషనరీ, లెనాపెల మధ్య ఏళ్ల తరబడి ఉన్నవాడు, 'అందరం తాగి పడిపోయిన చోటు' అన్నాడు.

తమ్ముడు: అబ్బ! కాక్‌టెయిల్‌కి సరిగ్గా సరిపోయింది!

అక్క: కథ విను. ఓడ దిగినవాళ్లు గ్లాసులో మందు పోసి ఇచ్చారట. లెనాపె పెద్దలు ఒక్కొక్కరే వాసన చూసి పక్కవాడికి అందించేశారు. తిప్పి ఇచ్చేస్తే అతిథికి కోపం వస్తుందేమోనని ఒకడు లేచి, 'జాతి మొత్తం నాశనమయ్యే కంటే నేనొక్కడినే చస్తాను' అని గటగటా తాగేశాడు. తూలి పడ్డాడు. చచ్చాడనే అనుకున్నారు. కాసేపటికి లేచి, ఇంత హాయి ఎప్పుడూ ఎరగనన్నాడు. ఇంకేముంది, అందరూ తాగారు.

తమ్ముడు: బాగుంది కదక్కా, ఇదే ఖాయం చేద్దాం.

అక్క: బాగుండబట్టే నాకు అనుమానం. మనం మాత్రం కొండకి బెజ్జం పడింది కాబట్టి బెజవాడ అయిందని చెప్పుకోమూ? పేరు ముందుంటుంది, కథ వెనకాల వస్తుంది. 'కొండలున్న దీవి' అని ఇంకో అర్థం కూడా చెలామణిలో ఉందిలే. ఐవ్స్ గొడార్డ్ అని లెనాపె కుటుంబం భాషల్లో దిట్ట. ఆయన 2010లో ఈ అర్థాలన్నీ జల్లెడ పట్టాడు. ఆయన ఒప్పుకున్నది మన్సీ మాట్లాడే ఆల్బర్ట్ ఆంథొనీ చెప్పినదాన్ని. మన్సీ అంటే లెనాపె భాషల్లో ఒకటి. 'మనహాహ్తాన్' అంటే విల్లులకి కర్ర తెచ్చుకునే చోటు.

తమ్ముడు: అందులో విల్లు ఎక్కడుంది?

అక్క: మాటని విడదీస్తే మొదట పోగుచేయడం, మధ్యలో 'అహ్త్', అదే విల్లు, చివర క్రియని కట్టే ముక్క. పైగా దీవి కింది కొసన హికరీ చెట్ల తోపు ఉండేదని, విల్లులకి ఆ కర్ర మహా గట్టిదని ఆంథొనీయే చెప్పాడు. ఆయన ఉన్నది కెనడాలోని ఒంటారియోలో. లెనాపెలని తరిమేశాక కొందరు చేరింది అక్కడికే.

తమ్ముడు: కింది కొస అంటే... వాల్ స్ట్రీట్ వైపా?

అక్క: ఆ, అటువైపే.

తమ్ముడు: నాకింకా ఆ తాగి లేచినవాడే కళ్లముందున్నాడక్కా.

అక్క: ఉంటాడురా. రికార్డింగ్ ఆపు, టీ పెడతాను.